కోత తర్వాతే అసలు సేద్యం

పేగు వాపు జబ్బుకు ఆపరేషన్ అయిపోతే పీడ వదిలిందనుకుంటాం. కానీ కత్తికి అందని సూక్ష్మజీవుల లోకం ఒకటి పేగులోనే మిగిలి ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే కుట్టు వేసిన చోటే జబ్బు మళ్లీ మొలకెత్తుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు మరచిపోలేని పాఠం ఒకటుంది. దానికి ఈ నేల చెల్లించిన వెల అంత పెద్దది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు ఈ నల్లరేగడి పొలాలకు వచ్చాయి. మందు కొడితే చాలు, కాయతొలిచే పురుగు రాలిపోయేది. అయితే ఆ మందుకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. పురుగులను తిని బతికే సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడా దాంతోపాటే పోయాయి. కాపలా లేని చేలలో 1984-85 నుంచి తెల్లదోమ విజృంభించింది. 1987-88లో మందుకు లొంగని శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. ఎన్నిసార్లు కొట్టినా చావని పురుగు, ఎన్ని పంటలు తీసినా తీరని అప్పు కలిసి రైతుల ప్రాణాలు తీశాయి. ఆ తర్వాతే మిత్రపురుగులను కాపాడుకోవాలనీ, అవసరమైనప్పుడే అవసరమైనంతే మందు కొట్టాలనీ చెప్పే సమగ్ర సస్యరక్షణ మాట ఊళ్లలో బలంగా వినిపించింది.

మన భాషలో పురుగును చంపేదీ మందే, రోగాన్ని నయం చేసేదీ మందే. పైరును కోసినా కోతే, పేగును కోసినా కోతే. ఒకే మాట రెండుచోట్లా చెల్లినట్టే, పత్తిచేను నేర్పిన పాఠం కూడా రెండుచోట్లా చెల్లుతుందని గత నలభై ఏళ్ల వైద్య పరిశోధన చూపిస్తోంది. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాల పేగు వాపు జబ్బుల్లో ఆపరేషన్ చేసిన తర్వాత కొందరికి కుట్టు విడిపోతుంది, కొందరికి చీము పడుతుంది, చాలామందికి కొన్ని నెలలకో ఏళ్లకో జబ్బు తిరగబెడుతుంది. ఈ మూడింటిలోనూ పేగులో నివసించే బ్యాక్టీరియాకు పెద్ద పాత్ర ఉంది. అందువల్ల ఆపరేషన్‌ను చికిత్సకు ముగింపుగా భావించే అలవాటును రోగులు, డాక్టర్లు, ప్రభుత్వం కలిసి మార్చుకోవాలన్నది ఈ కథనం వాదన.

పల్లెకూ వచ్చిన జబ్బు

ఇది మన ఊళ్ల జబ్బు కాదనే మాట ముందుగా ఎదురవుతుంది. పేగు పుండ్లు, రక్త విరేచనాలు అంటే అమీబా అనో, క్షయ అనో అనుకున్న కాలం ఒకటుంది. న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో బరిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో వర్ణించిన ఈ జబ్బును చాలాకాలం తెల్లవాళ్ల జబ్బుగానే లెక్కవేశారు. ఆ లెక్క తప్పని మన దేశంలోనే తేలింది. పంజాబ్‌లో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2003లో వెలువడ్డాయి. లక్ష మందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు అందులో బయటపడింది. మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కడుపు బాధలతో వచ్చిన 30 వేల మందికి పైగా రోగులకు గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేసి, ఫలితాలను 2023లో ప్రచురించారు. అలా పరీక్ష చేసినవారిలో నూటికి సుమారు ఐదుగురికి పేగు వాపు జబ్బు ఉంది. పల్లెల నుంచి వచ్చినవారిలోనూ పట్నవాసుల్లోనూ ఈ నిష్పత్తి దాదాపు ఒకటే. ఇది లక్షణాలున్నవారి లెక్కే తప్ప మొత్తం జనాభా లెక్క కాదన్న మాట నిజమే. అయినా పల్లెకు ఈ జబ్బు రాదన్న ధీమాకు ఇక ఆధారం లేదు.

పల్లె రోగికి అదనంగా ఇంకో చిక్కు ఉంది. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలు కలిసే చోట పుండు కనబడితే అది క్షయ కావచ్చు, క్రోన్స్ కావచ్చు. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ముక్క తీసి పరీక్షించినా ప్రతిసారీ తేడా తెలియదు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ముందు క్షయ మందులు వాడి చూడటంలో తప్పులేదు. అవి పనిచేస్తున్నాయో లేదో రెండు మూడు నెలల్లో గట్టిగా తేల్చకపోవడమే తప్పు. ఆ జాప్యంలో పేగు సన్నబడి దారి మూసుకుపోతుంది, లేదా పుండు పక్క అవయవంలోకి దారి చేసుకుంటుంది, లేదా కడుపులో చీముగడ్డ కడుతుంది. అప్పటికి మనిషి బరువు తగ్గి, రక్తం తగ్గి, స్టెరాయిడ్ల మీద రోజులు నెట్టే స్థితిలో ఆపరేషన్ బల్ల ఎక్కుతాడు. ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో సగం బీజాలు ఈ ఆలస్యంలోనే పడతాయి.

కుట్టు పైనే ఎందుకు తిరగబెడుతుంది?

క్రోన్స్‌లో సర్జన్ చెడిన పేగు ముక్కను కోసి తీసి, ఆరోగ్యంగా ఉన్న రెండు కొసలను కలిపి కుడతాడు. కంటికి కనబడే జబ్బంతా పళ్లెంలోకి వచ్చేసింది. మరి మళ్లీ ఎందుకు వస్తుంది? వచ్చేటప్పుడు కుట్టుకు కాస్త ఎగువనే, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న చిన్నపేగు కొసలోనే ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నను బెల్జియంలోని లూవెన్ వైద్యుడు పాల్ రుట్‌గీర్ట్స్ బృందం పట్టు వదలకుండా తవ్వింది. ఆపరేషన్ అయిన వాళ్లకు కొలనోస్కోపీ చేసి చూస్తే, ఏడాది లోపే నూటికి 73 మందిలో కుట్టు దగ్గర కొత్త పుండ్లు కనిపించాయని ఆ బృందం 1990లో చెప్పింది. ఏడాదికి బాధ మొదలైంది మాత్రం 20 శాతం మందికే. అంటే ఒంట్లో బాగుందని ఇంటి దగ్గర హాయిగా తిరుగుతున్నవారిలో చాలామందికి లోపల జబ్బు అప్పటికే వేరూనింది.

మరుసటి ఏడాది అదే బృందం ఇంకా గట్టి ఆధారం చూపింది. అయిదుగురు రోగులకు పేగును కలిపి కుట్టినా, మలం ఆ కుట్టు మీదుగా పోకుండా పైనుంచే పొట్ట మీది సంచిలోకి మళ్లించారు. ఆరు నెలలపాటు కుట్టు దగ్గర జబ్బు జాడ లేదు. తర్వాత దారి మళ్లీ కలిపారు. ఆరు నెలలు తిరక్కుండా అందరికీ పుండ్లు వచ్చాయి. 1998లో ఇంకో అడుగు వేశారు. అలా దారి మళ్లించి ఉన్న ముగ్గురిలో, ఖాళీగా ఉన్న పేగులోకి వాళ్ల సంచి నుంచి తీసిన ద్రవాన్నే ఎనిమిది రోజులు ఎక్కించారు. ఆ ఎనిమిది రోజుల్లోనే పేగు పొరలో వాపు మొదలైన గుర్తులు సూక్ష్మదర్శిని కింద కనిపించాయి. కాలువ కట్టేస్తే చేను ఎండినట్టు, విడిస్తే తడిసినట్టు, జబ్బు ఆ ప్రవాహంతో వచ్చింది, ప్రవాహంతో ఆగింది.

ఆ ప్రవాహంలో బ్యాక్టీరియా ఒక్కటే ఉండదు, పైత్యరసం, అరిగీ అరగని తిండి కూడా ఉంటాయని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు మందుల ప్రయోగాల్లో ఉంది. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మెట్రోనిడజోల్ ఇచ్చి చూశారు. ఏడాదికి లక్షణాలతో జబ్బు తిరగబెట్టినవారు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 25 శాతం, మెట్రోనిడజోల్ తీసుకున్నవారిలో 4 శాతం. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియాను కొట్టే మందు అది. పైత్యరసాన్నీ తిండినీ అలాగే ఉంచి బ్యాక్టీరియాను అదుపు చేస్తే జబ్బు వెనక్కి తగ్గిందంటే, అనుమానం ఎవరి మీదికి పోవాలో తెలుస్తూనే ఉంది. పైగా ఏ బ్యాక్టీరియా అన్నదీ ముఖ్యమేనని ఫ్రాన్స్ పరిశోధకులు 2008లో చూపారు. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అనే సూక్ష్మజీవి ఆరోగ్యవంతుల పేగులో పుష్కలంగా ఉంటుంది. వాపును చల్లార్చే పదార్థాలను అది తయారుచేస్తుంది. ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కలో ఇది తక్కువగా ఉన్నవాళ్లకు ఆరు నెలలకల్లా జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. చేలో అక్షింతల పురుగుల లాంటివే ఇవి. కనబడనంత కాలం విలువ తెలియదు, పోయాక గానీ లోటు తెలియదు.

మొదటి పది రోజుల గండం

తిరగబెట్టడం నెలల మీద జరిగే పని. దానికంటే ముందు, ఆపరేషన్ అయిన మొదటి వారం పది రోజుల్లో కుట్టు విడిపోయే గండం ఉంటుంది. కుట్టు విడిపోతే మలం కడుపులోకి కారుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని చాలాకాలం సర్జన్ చేతి పనితనానికీ, రక్త ప్రసరణకూ మాత్రమే ముడిపెట్టారు. 1955లో అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ సర్జన్ ఇసిడోర్ కోన్ కుక్కల మీద చేసిన ప్రయోగం ఈ నమ్మకాన్ని కదిలించింది. కుట్టిన చోటికి రక్తం సరిగా అందకుండా చేసి, ఆ పేగులోకే టెట్రాసైక్లిన్ పోస్తే కుట్టు మానింది. ఉప్పునీళ్లు పోస్తే కుట్టు విడిపోయింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1940ల్లో లెడర్లే ప్రయోగశాలలో వెలుగు చూసింది. అప్పుడు అక్కడి పరిశోధనను నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బుకు సోదరులను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయన బృందం సంశ్లేషించిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందయింది. అదే పరిశోధన దారిలో పుట్టిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్రోన్స్‌కూ వాడుతున్నారు. పేగు వైద్యంలో తెలుగువాడి చెయ్యి మనం అనుకునేదానికంటే లోతుగానే ఉంది.

కోన్ ప్రయోగం చాలాకాలం మరుగున పడింది. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ అల్వర్డీ బృందం 2015లో దానికి కొత్త ప్రాణం పోసింది. ఎలుకల పేగు కుట్టు దగ్గర ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా చేరి, గాయాన్ని అతికించే కొలాజెన్ పోగులను తెంపుతోందని వాళ్లు చూపారు. ఆపరేషన్‌కు ముందు మామూలుగా నరానికి ఇచ్చే యాంటీబయాటిక్ దీన్ని తుడిచిపెట్టలేకపోయింది. ఆ బ్యాక్టీరియానే గురిపెట్టి కుట్టు దగ్గర నేరుగా మందు వేస్తే కుట్టు నిలిచింది. మనుషుల్లో ఇదంతా ఇంత సూటిగా జరుగుతుందని చెప్పడానికి లేదు. అయినా ఆపరేషన్‌కు ముందురోజు నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇస్తే గాయానికి చీము పట్టడం తగ్గుతుందా అన్నది మనుషుల్లోనే పరీక్షించారు. స్పెయిన్‌లో జరిగి 2020లో ప్రచురితమైన ప్రయోగంలో చీము 11 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఫిన్లాండ్‌లో 2019 నాటి ప్రయోగంలో తేడా కనిపించలేదు. వీటిలో ఎక్కువమంది క్యాన్సర్ రోగులు కాబట్టి పేగు వాపు రోగికి ఉన్నదున్నట్టు అన్వయించలేం. ఒక్క విషయం మాత్రం రూఢి: నరం ద్వారా ఒక ఇంజెక్షన్ ఇచ్చేస్తే పేగులోని బ్యాక్టీరియా సంగతి తేలిపోయినట్టు కాదు.

ఇక్కడ బ్యాక్టీరియాను ఒంటరిగా దోషిని చేయడం కూడా సరికాదు. అదే బ్యాక్టీరియా ఉన్నా, తిండి తిని పుష్టిగా ఉన్న మనిషికి కుట్టు మానుతుంది. పది శాతానికి మించి బరువు తగ్గినవారికి, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయినవారికి, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారికి, కడుపులో చీముగడ్డ ఉన్నవారికి విడిపోయే ముప్పు పెరుగుతుంది. బలమైన మొక్క తట్టుకునే పురుగును నీరసించిన మొక్క తట్టుకోలేదు. అత్యవసరం కానప్పుడు కొన్ని వారాలు ఆగి, చీమును సూదితో తీసి, ద్రవాహారంతో ఒళ్లు పట్టించి, డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్ తగ్గించి, ఆ తర్వాత ఆపరేషన్ చేయడం ఇందుకే మేలు. ఆ కొన్ని వారాలను వృథా అనుకోకూడదు. విత్తనం వేయకముందు దుక్కి దున్నడం లాంటివవి.

మిత్రులు లేని పేగు

బ్యాక్టీరియా ప్రవాహాన్ని ఆపితే జబ్బు ఆగిందని పైన చూశాం. అయితే సూక్ష్మజీవులు అసలే లేకపోతే పేగుకు సుఖమా? కాదు. సంచి పెట్టి మలం దారి మళ్లించినప్పుడు కింద ఖాళీగా మిగిలిన పెద్దపేగు, అంతకుముందు ఏ జబ్బూ లేకపోయినా, వాచి రక్తం కారడం వైద్యులు గమనించారు. పెద్దపేగు పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేట్. పీచును పులియబెట్టి దాన్ని తయారుచేసి ఇచ్చేది బ్యాక్టీరియానే. ఆ సరఫరా ఆగిపోతే పొర ఆకలితో కుంగుతుంది. 1989లో అమెరికన్ వైద్యులు నలుగురు రోగులకు బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలనే కింది నుంచి ఎక్కిస్తే వాపు తగ్గింది. ఒకే సూక్ష్మజీవుల లోకం ఒకచోట అగ్గి పెడుతోంది, ఇంకోచోట అన్నం పెడుతోంది. ఈ రెండు నిజాలనూ కలిపి పట్టుకుంటేనే ఈ జబ్బు అర్థమవుతుంది.

అల్సరేటివ్ కొలైటిస్ ఆపరేషన్ దీన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. మందులకు లొంగనప్పుడు పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు కొసను మడిచి కుట్టి మలం నిలిచే తిత్తిగా మలుస్తారు. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పార్క్స్, నికల్స్ 1978లో ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. జపాన్ సర్జన్ ఉత్సునోమియా 1980లో దాన్ని జె ఆకారానికి సులువు చేశాడు. ఈ తిత్తిలో కొత్తగా బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. ఏళ్ల మీద సగం మంది దాకా రోగులకు ఎప్పుడో ఒకప్పుడు తిత్తి వాస్తుంది. ఇదే ఆపరేషన్‌ను, వంశపారంపర్యంగా పేగులో వందల పిలకలు మొలిచే మరో జబ్బుకు కూడా చేస్తారు. అదే తిత్తి, అదే మలం, అయినా వాళ్లకు తిత్తి వాపు చాలా అరుదు. అంటే బ్యాక్టీరియా ఒక్కటే చాలదు. దాన్ని శత్రువుగా పొరబడే ఒళ్లు కూడా ఉండాలి. పేగు వాపు జబ్బు అన్నది బ్యాక్టీరియాకూ, మనిషి రోగనిరోధక శక్తికీ మధ్య చెడిన కాపురం.

మందు కొట్టేస్తే సరిపోదా?

మెట్రోనిడజోల్ అంత బాగా పనిచేస్తే అందరికీ అదే ఏళ్ల తరబడి ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రయోగంలోనే జవాబు ఉంది. మందు ఆపాక రెండో ఏడాది, మూడో ఏడాది వచ్చేసరికి తేడా నమ్మదగినంతగా మిగల్లేదు. దాని తమ్ముడైన ఆర్నిడజోల్‌ను ఏడాది పొడవునా వాడితే తిరగబెట్టడం 37 శాతం పైనుంచి 8 శాతానికి తగ్గింది గానీ, దుష్ప్రభావాలు తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువయ్యారు. నోట్లో ఇనుము రుచి, వికారం, దీర్ఘకాలం వాడితే కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, నరాల దెబ్బ. పైరిత్రాయిడ్ కథ ఇదే కదా: మొదటి కొట్టుడికి చేను మెరిసింది, పదో కొట్టుడికి పురుగు నవ్వింది. యాంటీబయాటిక్‌ను కొద్దికాలానికి, ముప్పు ఎక్కువున్నవారికి, డాక్టరు చూపు కింద వాడటం తెలివి. దాన్నే కంచెగా నమ్ముకుని ఏళ్లు గడపడం ప్రమాదం.

అదే చేత్తో యాంటీబయాటిక్స్ వల్లే ఈ జబ్బు వస్తోందని తీర్పు చెప్పడమూ తొందరపాటే. పాశ్చాత్య దేశాల్లో చిన్నప్పటి యాంటీబయాటిక్ వాడకానికీ జబ్బుకూ లంకె కనిపించింది. ఆసియా పసిఫిక్ దేశాల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఆసియా వాసుల విషయంలో అందుకు విరుద్ధంగా కనిపించింది. ఎందుకో ఇంకా చర్చ నడుస్తోంది. జబ్బు పుట్టుక మీద ఈ తగువు ఎటు తేలినా, జబ్బు ఉన్న మనిషికి ఊళ్లో ప్రతి నలతకూ యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ప్రతి నొప్పికీ డైక్లోఫెనాక్ పొడవడం మంచిది కాదు. మొదటిది మిగిలిన మిత్ర బ్యాక్టీరియాను కూడా ఊడ్చేసి, క్లాస్ట్రిడియం డిఫిసిల్ లాంటి మొండి బ్యాక్టీరియాకు చోటిస్తుంది. రెండోది పేగు పొరను గాయపరుస్తుంది.

పెరుగు, మిరప, పొగాకు

చెడ్డ బ్యాక్టీరియా సమస్య అయితే మంచి బ్యాక్టీరియా మింగితే సరి అని ప్రోబయాటిక్ డబ్బాలు అమ్ముతున్నారు. కొన్నిచోట్ల ఇవి నిజంగా పనిచేశాయి. ఇటలీలోని బొలోన్యా వైద్యులు 2000లో తిత్తి వాపు పదేపదే వచ్చే 40 మందికి, ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన మందును తొమ్మిది నెలలు పరీక్షించారు. ఉత్తుత్తి పొడి తీసుకున్న 20 మందికీ వాపు తిరిగొచ్చింది, మందు తీసుకున్న 20 మందిలో ముగ్గురికే వచ్చింది. అయితే క్రోన్స్ ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఆపేందుకు రకరకాల ప్రోబయాటిక్‌లతో చేసిన ప్రయోగాలు చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు. ఒక చేలో పండిన విత్తనం ప్రతి చేలోనూ పండదు. పెరుగన్నం పడితే తినండి, మంచిదే. దాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మందు మాత్రం మానొద్దు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2022లో ప్రచురించిన ప్రయోగం ఇంతకంటే ఆశ కలిగిస్తోంది. ఒక మోస్తరు అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారికి, ఆరోగ్యవంతులైన పల్లెవాసుల మలం నుంచి తీసిన సూక్ష్మజీవులను వారం వారం ఎక్కించి, వాపు తగ్గించే ఆహారం పెడితే, ఎక్కువమందికి జబ్బు అణిగింది. అది ఆపరేషన్ కాని రోగుల సంగతి, ఇంకా పరిశోధన దశలోనిది. అయినా పల్లె మనిషి పేగులోని సంపద వైద్యానికి పనికొస్తోందన్నది గుర్తుంచుకోవాల్సిన మాట. జొన్న, సజ్జ, పప్పుధాన్యాలు తిని పెంచుకున్న ఆ సంపదను పాలిష్ బియ్యానికీ, పొట్లం చిరుతిళ్లకూ వదులుకోవద్దు. పేగు సన్నబడి ఉన్నవారికి మాత్రం పీచు ఎక్కువైతే దారి మూసుకుపోతుంది. గోంగూర ఎంత ప్రియమైనా వాళ్లు డాక్టరును అడిగాకే తినాలి.

ఈ ప్రాంతంలో ఏ కడుపు జబ్బు వచ్చినా వేలు మిరప వైపే చూపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డు ఘాటు దేశమంతా తెలుసు కాబట్టి నింద కూడా దానికే. కారం క్రోన్స్‌నో అల్సరేటివ్ కొలైటిస్‌నో పుట్టిస్తుందని రుజువు లేదు. జబ్బు రేగినప్పుడు, పేగు పచ్చిగా ఉన్నప్పుడు కారం మంట పెంచవచ్చు, అప్పుడు తగ్గించుకోవడం న్యాయం. అసలు నిందించాల్సిన పంట ఈ నేలలోనే వేరే ఉంది. పొగాకు బోర్డు కేంద్రం గుంటూరులో ఉంది, ఒంగోలు చుట్టుపక్కల పొగాకు బేరన్లు ఏళ్లుగా మండుతున్నాయి. క్రోన్స్ ఆపరేషన్ తర్వాత పొగతాగేవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు తాగనివారికంటే దాదాపు రెట్టింపని అనేక అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. చుట్టో బీడీయో సిగరెట్టో మానేయడం పైసా ఖర్చులేని చికిత్స. ఆపరేషన్ అయిన రోగికి పచ్చిమిరపకాయ మాన్పించి, బీడీ కట్ట చేతికందించే ఇంటివాళ్లు ఈ ఒక్క లెక్క తెలుసుకోవాలి.

ఆరో నెల పరీక్ష

ఇంత చెప్పాక ఆపరేషనే వద్దన్న అర్థం తీసుకోకూడదు. చిన్నపేగు చివర కొద్దిభాగానికే పరిమితమైన క్రోన్స్‌లో ఆపరేషన్, ఖరీదైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయాలజిక్ ఇంజెక్షన్‌తో సమానమైన జీవన నాణ్యతను ఇచ్చిందని యూరప్‌లో 2017 నాటి ప్రయోగం చూపింది. సరైన వేళ చేసిన కోత మంచి చికిత్స. ఆ తర్వాత కాపలా పెట్టకపోతేనే అది వృథా. కాపలా ఎలా ఉండాలో 2015లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు ప్రచురించిన ప్రయోగం చెప్పింది. ఆపరేషన్ అయిన 174 మందిలో కొందరికి ఆరో నెలలో కొలనోస్కోపీ చేసి, పుండ్లు కనబడితే అప్పుడే మందు పెంచారు. మిగతావారికి ఆ పరీక్ష చేయలేదు. ఏడాదిన్నరకు పరీక్ష చేసినవారిలో 49 శాతం మందికి, చేయనివారిలో 67 శాతం మందికి జబ్బు తిరగబెట్టినట్టు తేలింది. తేడా తెచ్చింది కొత్త మందు కాదు, బాధ రాకముందే లోపలికి తొంగి చూడటం.

కౌలుకు రెండెకరాల మిరప వేసిన రైతు ఈ ఖర్చు ఎక్కడ భరిస్తాడన్న అభ్యంతరం అన్నింటికంటే బరువైనది. దానికి జవాబు సగం వైద్యంలో, సగం ప్రభుత్వం చేతిలో ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్షకు గొట్టం వేయనక్కర్లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. గ్రాముకు 100 మైక్రోగ్రాముల లోపు ఉంటే జబ్బు తిరగబెట్టి ఉండే అవకాశం తక్కువ. దాటితే కొలనోస్కోపీ చేయాలి. ఇలా జల్లెడ పడితే అందరికీ ఖరీదైన పరీక్ష అవసరం పడదు. 1946లో పుట్టిన గుంటూరు మెడికల్ కాలేజీకి పెద్దాసుపత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, ఒంగోలులో బోధనాసుపత్రి ఉంది. ఈ మూడుచోట్లా వారానికి ఒకరోజు పేగు వాపు రోగులకని కేటాయించి, ఫిజీషియన్, సర్జన్, ఆహార నిపుణుడు, సంచి సంరక్షణ తెలిసిన నర్సు ఒకే గదిలో కూర్చుంటే రోగి నాలుగు ఊళ్లు తిరగనక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం పేదవాడికి ఆపరేషన్ బల్ల దాకా దారి వేసింది. ఆ దారి ఆరో నెల పరీక్ష దాకా, అవసరమైతే బయాలజిక్ ఇంజెక్షన్ దాకా సాగాలి. రెండో ఆపరేషన్‌కు డబ్బు కట్టేకంటే, అది రాకుండా చూసే పరీక్షకు కట్టడం ఖజానాకూ లాభమే, మనిషికీ లాభమే.

పత్తి రైతు పురుగు మందును పూర్తిగా వదిలేయలేదు. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆగాలో, ఎవరిని బతకనివ్వాలో నేర్చుకున్నాడు. నేర్చుకునేలోపు చాలా ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. పేగు విషయంలో అంత వెల చెల్లించాల్సిన పని మనకు లేదు, ఎందుకంటే ఈసారి ఆధారాలు ముందే చేతిలో ఉన్నాయి. ఈ జబ్బుకు ఆపరేషన్ అయిన మనిషి మీ ఇంట్లో ఉంటే నాలుగు పనులు చేయించండి. పొగ మాన్పించండి. డాక్టరు రాసిన మందు బాగున్నప్పుడూ వేయించండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్, నొప్పి మాత్ర కొనొద్దు. డిశ్చార్జి కాగితం మీద ఆరో నెల తేదీ రాసి పెట్టుకుని, ఆ రోజుకు మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంట్లో ఏ బాధా లేకపోయినా తీసుకెళ్లండి.